రేడియో పెట్టే వేళ

రిటైరైన మర్నాటి నుంచి మనిషికి ఆదివారం ఉండదు. సోమవారమూ ఉండదు. పొలం కొడుకుల చేతికిచ్చిన రైతుకూ, తాళంచెవుల గుత్తి కోడలికి అప్పగించిన అత్తగారికీ అంతే. తెల్లారుతుంది, పొద్దుగూకుతుంది, వారం ఏదో పక్కవాళ్లను అడిగి తెలుసుకోవాలి. కోస్తా జిల్లాల్లో కొన్ని దశాబ్దాలపాటు ఆ అడగాల్సిన పని లేకుండా చేసింది విజయవాడ రేడియో. పొద్దున్నే భక్తిరంజనిలో సూర్యుడి మేలుకొలుపు వినిపిస్తే ఆదివారం. వేంకటేశ్వరుడి కీర్తనలు వరసగా వస్తే శనివారం. మంచం దిగకముందే పెద్దాయనకు వారం తెలిసిపోయేది. దాంతోపాటు ఆ రోజు ఏ వేళకు ఏం వస్తుందో గుర్తొచ్చి కాస్త హుషారూ వచ్చేది.

తెలుగునాట రేడియో గురించి రాసినవాళ్లు చాలావరకు కేంద్రాల ప్రారంభాల గురించీ, గొప్ప కళాకారుల గురించీ రాశారు. రాయాల్సిందే. కానీ ఆ పెట్టెను అందరికంటే శ్రద్ధగా విన్నది ఇంట్లో పెద్దవాళ్లు. వసారాలో మడతకుర్చీలో కూర్చున్నవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ చరిత్ర మరోలా కనిపిస్తుంది.

రేడియో రాకముందు ఊళ్లో ముసలివాళ్లకు పొద్దుపోయే దారులు లేకపోలేదు. సాయంత్రం గుడి మండపంలో పురాణ కాలక్షేపం ఉండేది. ఒక పంతులుగారు భారతమో భాగవతమో చదివి, అర్థం చెప్పి, మంచి పట్టులో ఆపి తక్కింది రేపు అనేవారు. శ్రీరామనవమి పందిట్లో హరికథ, సంక్రాంతి రోజుల్లో బుర్రకథ, రచ్చబండ దగ్గర పులిజూదం. లోటల్లా ఒకటే. ఇవన్నీ నడిచి వెళ్లగలిగినవాళ్లకే. మోకాళ్లు పట్టేసినవాళ్లకూ, చూపు ఆనని వాళ్లకూ, నలుగురిలోకి రాకూడదన్న కట్టుబాటులో ఇంటి వెనక గదికి పరిమితమైన వితంతువులకూ ఎవరో ఒకరు వచ్చి చెబితేనే కథ. చదువుకుందామంటే అక్షరం రాదు. 1951 జనగణన నాటికి దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 18 మంది. ఆడవాళ్లలో 9 మంది కూడా లేరు. అరవై దాటిన ఆడవాళ్లలో ఇంకెంత తక్కువో ఊహించుకోవచ్చు.

మొదట్లో రేడియో కూడా నడిచి వెళ్లి వినాల్సిందే. మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పెట్టి 1924లో ప్రసారాలు మొదలుపెట్టారు. డబ్బు చాలక 1927లో అది మూతపడింది. 1930లో మద్రాసు కార్పొరేషన్ ఆ పని నెత్తికెత్తుకుంది. మెరీనా ఒడ్డునా, పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు కట్టి సాయంత్రాలు సంగీతం వినిపించేది. షికారుకొచ్చిన పెద్దమనుషులు ఇసకలో చతికిలబడి కచేరీ వినడం అప్పటి ముచ్చట. మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న వచ్చింది. తెలుగు శ్రోతలకు చాలాకాలం అదే దిక్కు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. ఈ మధ్యలో, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం పుట్టింది. పల్లెల్లోని పెద్దవాళ్ల రోజు మారిపోవడం అక్కణ్నించే మొదలు.

అయితే రేడియో కొనడం చిన్న సంగతి కాదు. కొన్నాక లైసెన్సు కావాలి. ఏడాదికోసారి పోస్టాఫీసుకు వెళ్లి, 15 రూపాయలు కట్టి, లైసెన్సు పుస్తకంలో స్టాంపు అంటించుకుని ముద్ర వేయించుకోవాలి. 1980లలో రద్దయ్యేదాకా ఈ తంతు సాగింది. చాలా ఇళ్లలో ఆ పుస్తకం భద్రపరిచే బాధ్యత పెద్దాయనది. భూమి దస్తావేజులున్న ట్రంకుపెట్టెలోనే అదీ ఉండేది. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ పెట్టెల్లో ఏదో ఒకటి గోడకు కొట్టిన చెక్క బల్ల మీద ఎక్కేది. దాని మీద కోడలు కుట్టిన గుడ్డ కప్పు. వసారా ఈ చివర నుంచి ఆ చివరకు రాగి తీగతో అల్లిన వల లాంటి ఏరియల్.

వాల్వు రేడియో మీట నొక్కగానే పలకదు. లోపలి గాజు బుడ్లు వేడెక్కాలి. ముందు చిన్న దీపం వెలుగుతుంది, తర్వాత సన్నని గుర్రు, ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి నడిచొస్తున్నట్టు గొంతు. కొన్ని సెట్లలో ఆకుపచ్చగా వెలిగే కన్ను ఉండేది. ముల్లు సరిగ్గా స్టేషన్ మీదికొస్తే ఆ కన్నులోని నీడ ఇరుకవుతుంది. ఆ ముల్లు తిప్పే హక్కు పిల్లలకు లేదు. చెయ్యి వణికినా సరే, తాతగారే తిప్పాలి. అందుకే వార్తలకు అయిదు నిమిషాల ముందే రేడియో పెట్టేవారు. ఆ అయిదు నిమిషాలు ఇల్లంతా సద్దుమణిగేది.

పొద్దున ఆరు కాకముందే కేంద్రం తెరుచుకునేది. మొదట వయొలిన్ మీద ఆకాశవాణి సంకేత రాగం. దాన్ని 1930లలో స్వరపరిచింది వాల్టర్ కౌఫ్‌మన్. హిట్లర్ హింస నుంచి తప్పించుకుని బొంబాయి చేరిన చెక్ యూదు సంగీతజ్ఞుడు ఆయన. గోదావరి లంకల్లో పాలు పితకడానికి లేచిన ముసలివాళ్లకు ఆయన పేరు తెలియకపోవచ్చు. రోజు మొదలైందని చెప్పింది మాత్రం ఆయన కట్టిన స్వరమే.

ఆ వెనక భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటి వాళ్ల చేతుల్లో ఆ కార్యక్రమం రూపుదిద్దుకుంది. రజని తెలుగు వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న పండితుడు. ఆ పాండిత్యం ఊరికే పుస్తకంలో ఉండిపోలేదు. రామదాసు, అన్నమయ్య, నారాయణతీర్థుల తరంగాలు, అత్తాకోడళ్లు రోకటి దగ్గర పాడుకునే మేలుకొలుపులు అన్నీ ఆ అరగంటలోకి వచ్చాయి. శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు గొంతులు అలా పొద్దున్నే ఇళ్లలోకి వచ్చేవి. ఇందులో అసలు కిటుకు ఒకటుంది. ఏ రోజు ఏ దేవుడో శ్రోతకు తెలుసు, ఏ పాట వస్తుందో తెలియదు. తనకిష్టమైన తరంగం వచ్చిన రోజు మామ్మగారు పూజగది నుంచే గొంతు కలిపేవారు. రాకపోతే రేపొస్తుందిలే అనుకునేవారు. ఏళ్ల తరబడి విన్నా విసుగు రాకపోవడానికి కారణం ఇదే.

ఢిల్లీ నుంచి 1974లో సంస్కృత వార్తలు మొదలయ్యాక ఉదయం 6.55కు బలదేవానంద సాగర్ గొంతు వినిపించేది. వేదం చదువుకున్న తాతగార్లు ఒక్కో మాటకు తల పంకిస్తూ వినేవారు. సంస్కృతం ముక్క రాని ఇంటి వాళ్లకూ ఆ మొదటి వాక్యం నోటికొచ్చేసింది. ఆ వెంటనే తెలుగు వార్తలు. అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ, మామిళ్లపల్లి రాజ్యలక్ష్మి వంటి వాళ్ల పేర్లు ఊళ్లో మనుషుల పేర్లంత పరిచయం. వార్తల ముందు వచ్చే టైము సంకేతానికి గడియారం సరిచేయడం రిటైరైన మాస్టార్ల నిత్యకృత్యం. హెచ్ఎంటీ వాచీ అర నిమిషం వెనకబడిందని కనిపెట్టడం, దాన్ని ముందుకు జరపడం, ఇంట్లో గోడగడియారం కూడా తప్పేనని ప్రకటించడం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గంట కొట్టించిన మనిషికి ఇంకా తన చేతిలో ఏదో ఉందన్న నిబ్బరం అందులో దొరికేది.

కార్యక్రమాల వివరాలు ముందే తెలుసుకోవాలంటే ఆకాశవాణి ప్రచురించే ‘వాణి’ పత్రిక తెప్పించుకోవాల్సి వచ్చేది. అది పోస్టులో వచ్చిన రోజు తాతగారికి పెద్ద పనే పడేది. కళ్లజోడు తుడుచుకుని, పెన్సిలు చెక్కుకుని, వినదలచినవాటి కింద గీతలు గీయడం. ఫలానా శుక్రవారం రాత్రి ఫలానావారి గాత్రం, ఫలానా బుధవారం ప్రసంగం. రాబోయే రోజుల్లో ఎన్నిచోట్ల ఆగి ఆనందించాలో ముందే ఖాయమయ్యేది. పక్కింటి మిత్రుడికి కబురు పంపేవారు, ఆ వేళకు రమ్మని. మనవరాలికి చెప్పేవారు, ఆ వేళకు గోల చెయ్యొద్దని.

వినడం ఒక్కటే కాదు, నేర్చుకోవడం కూడా జరిగింది. ఓలేటి వెంకటేశ్వర్లు నిర్వహించిన ‘సంగీత శిక్షణ’ అలాంటిది. గురువు ఒక పంక్తి పాడతారు, ఎదురుగా కూర్చున్న శిష్యులు పాడతారు, తప్పు దొర్లితే గురువు ఆపి మళ్లీ చెబుతారు. రేడియో ముందు కూర్చున్నవాళ్లకు ఆ దిద్దుబాటు అంతా వినపడుతుంది. చిన్నప్పుడు పాట నేర్పించమంటే పెళ్లి చేసి పంపిన ఇళ్ల ఆడవాళ్లు, మనవలెత్తిన వయసులో నోట్‌బుక్కు ముందేసుకుని సాహిత్యం రాసుకుంటూ కృతి పట్టుకున్నారు. రాసుకునేలోగా పంక్తి దాటిపోతే వచ్చే పాఠం కోసం కాచుకునేవారు. ఆకాశవాణి చేసిన మేళ్లలో దీన్ని మొదటి వరసలో పెట్టాలి. వయసు మీరిన మనిషిని శ్రోతగా ఆపేయకుండా విద్యార్థిని చేసింది కాబట్టి.

అన్నిటికీ మించిన ఘట్టం ఆదివారం మధ్యాహ్నం. ఉషశ్రీ పేరుతో ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు 1928లో పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో పుట్టారు. 1970లలో, 80లలో విజయవాడ కేంద్రం నుంచి ఆయన రామాయణ భారతాలు చెబుతుంటే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో వీధులు ఖాళీ అయ్యేవని ఆ తరంవాళ్లంతా చెబుతారు. గుడి మండపంలో పంతులుగారు చేసిన పనినే ఆయన విజయవాడ పున్నమ్మతోటలోని స్టూడియోలో కూర్చుని చేశారు. మంచి పట్టులో ఆపడం కూడా అదే. తేడా ఏమిటంటే మండపానికి రాలేనివాళ్ల దగ్గరికి మండపమే వచ్చింది. కంచం ముందు కూర్చుని అన్నం కలపడం మరిచి విన్న తాతలు, వంటింటి గుమ్మానికి ఆనుకుని కొంగుతో కళ్లొత్తుకున్న అమ్మమ్మలు ఆయనకు శ్రోతలు. ఉషశ్రీ గొంతులో బతిమాలడం ఉండదు. గట్టిగా, నిలదీసినట్టు, ఇంటి పెద్దకొడుకు చనువుగా మాట్లాడినట్టు ఉంటుంది.

ఆయన ధర్మసందేహాల కార్యక్రమం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. శ్రోతలు ప్రశ్నలు రాసి పంపాలి. అప్పట్లో కార్డు 15 పైసలు. ఆ కార్డు వెనక ఎంత సందడో! అడగాలనుకున్న సందేహం ముందు ఇంట్లో చర్చకొస్తుంది. రాముడు వాలిని చెట్టుచాటు నుంచి కొట్టడం న్యాయమా, కర్ణుడి తప్పెంత, ద్రౌపది సభలో అడిగినదానికి భీష్ముడు జవాబెందుకు చెప్పలేకపోయాడు. రాయడం రాని మామ్మ చెబుతుంటే ఎనిమిదో తరగతి మనవడు రాస్తాడు. రాసినది చదివించుకుని, ఒక మాట మార్పించి, డబ్బాలో వేసి వచ్చాడో లేదో రెండుసార్లు అడుగుతుంది. ఆ పైన వారాల తరబడి నిరీక్షణ. ఈ ఆదివారం చదవలేదు, బహుశా వచ్చే ఆదివారం. చివరికి పేరూ ఊరూ రేడియోలో వినిపించిన రోజు ఆ వీధికంతటికీ పండగ. జీవితమంతా ఫలానావారి భార్యగా, ఫలానావారి తల్లిగా ఉన్న మనిషి పేరు జిల్లాలు దాటి వినబడింది. ఆ ప్రశ్నకు ఆయన చీవాట్లు పెట్టినా బాధ లేదు.

ఉషశ్రీ 1990 సెప్టెంబరు 7న కన్నుమూశారు. ఆ ఆదివారాలు మళ్లీ అలా నిండలేదు.

ఏడాదికోసారి వచ్చే పెద్ద పండగ భద్రాచలం కల్యాణం. శ్రీరామనవమి నాడు అక్కణ్నించి నేరుగా వ్యాఖ్యానం వచ్చేది. ఉషశ్రీ, జమ్మలమడక మాధవరామశర్మ లాంటి వాళ్లు మైకు ముందు కూర్చుంటే భద్రాద్రి చూడనివాళ్లకు కూడా పందిరి కళ్లకు కట్టేది. మామ్మలు స్నానాలు చేసి, పట్టుబట్ట కట్టి, రేడియో ముందు పీట వేసుకునేవారు. జీలకర్ర బెల్లం ముహూర్తానికి మాటలన్నీ బంద్. నాటకాలదీ అదే దారి. బందా కనకలింగేశ్వరరావు నాటక విభాగం చూసిన కేంద్రం విజయవాడ. నండూరి సుబ్బారావు తదితరులు నటించిన ‘గణపతి’, ‘కన్యాశుల్కం’ మళ్లీ వస్తున్నాయంటే రాత్రి భోజనాలు తొందరగా కానిచ్చేవారు.

రేడియో కొనలేని ఇళ్ల సంగతి? పంచాయతీ ఆఫీసు మీద ప్రభుత్వం పెట్టించిన సెట్టు ఉండేది. దాని కింద అరుగు మీద రైతులు చేరేవారు. హైదరాబాదు కేంద్రంలో రతన్ ప్రసాద్ ‘చిన్నక్క’గా గ్రామీణ శ్రోతలకు ఇంటి ఆడపడుచైంది. పొలం ముఖం చూడడం మానేసిన ముసలి రైతు కూడా విత్తనాల ధరలూ వాన కబుర్లూ విని ఇంటికెళ్లి కొడుక్కి చెప్పేవాడు. ఇంట్లో ఆయన మాటకు మళ్లీ విలువ వచ్చేది.

గొడవలూ లేకపోలేదు. 1952 నుంచి పదేళ్లపాటు సమాచార ప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేశారు. శనివారం రాత్రి జాతీయ సంగీత కార్యక్రమం 1952లో ఆయన హయాంలోనే మొదలైంది. తాతలు సంబరపడ్డారు, కుర్రకారు రేడియో సిలోన్‌కు తిప్పింది. సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై చక్కని తెలుగు మాటలతో సినిమా పాటలు వేసేది. ఒకే పెట్టె, ఒకే ముల్లు, రెండు తరాలు. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక కూడా ఆ ముల్లు కోసం తగవులు ఆగలేదు. మనవడు కచేరీ మధ్యలో సిలోన్ పెట్టాడని అలిగి అన్నం మానేసిన పెద్దాయన కథ ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. అలగడానికైనా ఆయనకు ఒక కారణం ఉంది. ఆయన అభిరుచికి ఇంట్లో లెక్క ఉంది.

ట్రాన్సిస్టర్ ఆ తగవు తీర్చింది. 1960ల నుంచి అది పల్లెలకు చేరడం మొదలైంది. కరెంటు అక్కర్లేదు, గోడ బల్ల అక్కర్లేదు, చిల్లులున్న తోలు తొడుగులో వేసుకుని దిండు పక్కన పెట్టుకోవచ్చు. రేడియో మొదటిసారి ముసలివాళ్ల సొంత వస్తువైంది. సెల్స్ నీరసిస్తే ఎండలో ఆరబెట్టి మళ్లీ వేసేవారు. ఇంకో రెండు రోజులు పలికేది. వృద్ధాప్యంలో నిద్ర తక్కువ కదా. రాత్రి పదకొండుకు మెలకువ వస్తే మెల్లగా ముల్లు తిప్పడం ఒక ఆట. పగలు సూర్యకాంతి వల్ల ఆకాశపు పైపొరల్లో ఏర్పడే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. చీకటి పడ్డాక అది పలచబడిపోతే, తరంగాలు ఇంకా పై పొరకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. అందుకే అర్ధరాత్రి నెల్లూరులో మంచం మీద పడుకున్నవారికి భాష తెలియని పాటలేవో వచ్చి పోయేవి. ఏ ఊరిదో కనిపెట్టాలని చెవి దగ్గర పెట్టుకుని వినడం, పొద్దున్నే చెప్పి మెప్పు పొందడం.

1977 అక్టోబరులో హైదరాబాదుకు దూరదర్శన్ వచ్చింది. 1987 జనవరిలో టీవీ రామాయణం మొదలయ్యాక ఆదివారం ఉదయాలు అటు తిరిగాయి. లైసెన్సు పోయింది, పోస్టుకార్డు బదులు ఫోన్-ఇన్ వచ్చింది, రేడియో రిపేరు దుకాణాలు సెల్‌ఫోన్ దుకాణాలయ్యాయి. ఇవాళ ఏ పాటైనా ఏ క్షణమైనా ఫోన్లో దొరుకుతుంది. అది మంచిదే, ఎవరూ కాదనరు. కానీ పెద్దవాళ్ల విషయంలో ఒక పొరపాటు జరుగుతోంది. వాళ్లకు కాలక్షేపం కావాలనుకుని ఎడతెగని వీడియోల ముందు కూర్చోబెడుతున్నాం. ఉషశ్రీ శ్రోతలకు ఉన్నది కాలక్షేపం ఒక్కటే కాదు. ఒక వేళ, ఆ వేళకు రాబోయే కొత్త సంగతి, దాని గురించి మాట్లాడడానికి ఒక మనిషి, తమ మాట కోసం ఎదురుచూసే ఒక చిరునామా. నలభై ఏళ్లు రేడియో ఈ నాలుగూ కలిపి ఇచ్చింది. విజయవాడ కేంద్రంలో 1948 నుంచి దాదాపు నలభై ఏళ్లు వయొలిన్ వాయించిన అన్నవరపు రామస్వామికి 2021లో, తొంభై దాటిన వయసులో, పద్మశ్రీ వచ్చింది. అలాంటి కళాకారులకు నెలనెలా జీతమిచ్చి పల్లెటూరి మామ్మ కోసం వాయించమన్న సంస్థ మనకు ఇంకొకటి లేదు.

ఆకాశవాణి ఇంకా ఉంది. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ మీద, హైదరాబాదు 738 మీద, విశాఖ 927 మీద. ఫోన్లో వినాలంటే ‘న్యూస్ ఆన్ ఎయిర్’ యాప్ ఉంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే అటక మీది సెట్టు దించి ఒకసారి బాగుచేయించండి, లేదా ఆ యాప్ పెట్టి వాళ్ల చేతికివ్వండి. ఏ వేళకు ఏం వింటారో అడిగి, ఆ వేళకు మీరూ పక్కన కూర్చోండి. నచ్చినదాని గురించి వాళ్ల చేత కేంద్రానికి ఒక కార్డు రాయించండి. పోస్టుకార్డు ఇప్పటికీ 50 పైసలే.